భీమిలి మొగ దగ్గర రెండు వందల అడుగుల లోపే జీవజాలం మారిపోవడానికి నేలే కారణమా?

గోస్తని గట్టు
ఆదివారం, రాత్రి 8.10

సభ్యులందరికీ నమస్కారం. నేను మధురవాడ నివాసిని. నాలుగేళ్లుగా, వీలైన ప్రతి ఆదివారం, భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే మొగకు వెళ్లి, ఆటు వేళ బయటపడే నేల మీద ఒకటి రెండు గంటలు నడుస్తూ, కనబడిన జీవాలను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. నిన్న అమావాస్య కావడంతో ఈ రోజు నీరు బాగా వెనక్కి తీసింది. మామూలు రోజుల్లో మునిగి ఉండే చోట్లు కూడా బయటపడ్డాయి.

నా సందేహం ఇది. మొగను ఆనుకొని ఉన్న ఇసుక కట్ట మీద లేత రంగు ఎండ్రకాయల బొరియలు, వాటి మధ్య పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తే చిన్న ప్లోవర్ పిట్టలు తప్ప మరేమీ కనబడవు. అక్కడి నుంచి రెండు వందల అడుగులు లోపలికి నడిచి, ఏరు వంపు తిరిగాక, బూడిద రంగు బురద మొదలవుతుంది. అక్కడ ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా ఉండే ఫిడ్లర్ పీతలు నేలంతా పరుచుకొని ఉంటాయి, పిట్టలు కూడా పొడవాటి ముక్కులున్నవే దిగుతాయి. ఈ రెండింటి నడుమ సుమారు ఇరవై అడుగుల వెడల్పున ఒక పట్టీ ఉంది. అందులో బొరియ అన్నదే లేదు. నీరు ఒకటే, ఎండ ఒకటే. తేడా అంతా కాలి కిందే ఉందనిపించి ఈ రోజు చేత్తో తవ్వి చూశాను. ఇసుక కట్ట మీద మోచేతి లోతు దాకా ఒకే పసుపు రంగు. బురదలో మాత్రం రెండు వేళ్ల లోతు దాటగానే మట్టి బొగ్గులా నల్లగా ఉంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. అయితే ఆ నల్లని మట్టిలోనే ప్రతి పీత బొరియ చుట్టూ, చేతి గాజు మందంలో, తుప్పు రంగు వలయం కనబడింది. అది ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

మట్టి మాస్టారు
సోమవారం, ఉదయం 6.25

మీరు చేత్తో తవ్వి చూశారు కాబట్టి సగం సమాధానం మీ దగ్గరే ఉంది. నేను వ్యవసాయ కళాశాలలో నేలల శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. వరి పొలాల మట్టితో గడిపిన జీవితమైనా, ఉప్పునీటి మట్టికీ మౌలికమైన సూత్రాలు అవే.

ముందుగా రేణువు పరిమాణం సంగతి. నేలల శాస్త్రంలో ఎక్కువగా వాడే కొలత ప్రకారం 0.05 మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉన్నది ఇసుక, 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది బంకమట్టి, ఈ రెంటి నడుమ ఉన్నది ఒండ్రు. వేరుశనగ కాయల బస్తాలో ఒక చెంబు నీళ్లు పోస్తే క్షణంలో అడుక్కి జారిపోతాయి. పిండి బస్తాలో పోస్తే పైనే నిలుస్తాయి. ఇసుక నేలలోంచి ఆటు వేళ పాత నీరు దిగిపోతుంది, ఆ ఖాళీల్లోకి గాలి వస్తుంది, పోటు వేళ కొత్త నీరు వస్తుంది. అందువల్ల ఇసుకలో చాలా లోతు దాకా ప్రాణవాయువు అందుతుంది. బంకమట్టి బురదలో నీరు కదలదు. నిలిచిన నీటిలో ప్రాణవాయువు వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ కాబట్టి, పైనుంచి దిగే ఆ కొద్దిపాటి వాయువును మొదటి కొన్ని మిల్లీమీటర్లలో ఉండే సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి.

ఆ కిందనున్న సూక్ష్మజీవులకు ప్రాణవాయువు దొరకదు. అవి సముద్రపు నీటిలో సమృద్ధిగా ఉండే సల్ఫేటు అనే గంధక లవణాన్ని వాడుకొని, కుళ్లిన ఆకును, చచ్చిన జీవాన్ని జీర్ణం చేసుకుంటాయి. ఆ పనిలో వెలువడేదే మీకు గుడ్డు వాసన కొట్టిన హైడ్రోజన్ సల్ఫైడు. అది మట్టిలోని ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడు అవుతుంది. ఇక పీత తవ్విన బొరియలోకి రోజుకు రెండుసార్లు కొత్త నీరు, ఆ తరువాత గాలి వెళతాయి. బొరియ గోడకు ప్రాణవాయువు తగలగానే అక్కడి ఇనుము ఇంట్లో మేకు తుప్పు పట్టినట్టే తుప్పు పడుతుంది. మీరు చూసిన వలయం అదే. నేలను బట్టి పీత వచ్చిందన్నది ఎంత నిజమో, పీత వచ్చాక ఆ నేల మారిందన్నదీ అంతే నిజమని ఆ వలయం చెబుతోంది. ఒక్క చదరపు గజంలో యాభై బొరియలున్నాయనుకోండి. ఆ బురద ఎంత మేరకు ఊపిరి పీలుస్తున్నదో ఊహించండి.

గోస్తని గట్టు
సోమవారం, ఉదయం 7.02

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. ఇంత దగ్గరలో ఇసుక ఒక పక్క, బంకమట్టి ఒక పక్క ఎలా వేరుపడ్డాయన్నది కూడా వివరించగలరా? మధ్యలో బొరియలు లేని పట్టీ సంగతి కూడా.

మట్టి మాస్టారు
సోమవారం, ఉదయం 9.40

వేరు చేసేది నీటి వడి. మొగ దగ్గర అలల తాకిడికి సన్నని రేణువు నిలవలేదు. బరువైన ఇసుక మాత్రమే మేట వేస్తుంది. వంపు వెనుక నీరు నెమ్మదిస్తుంది కాబట్టి సన్నని మట్టి దిగుతుంది. అయితే బంకమట్టి రేణువు ఎంత తేలికైనదంటే, మంచినీటిలో అది రోజుల తరబడి దిగకుండా తేలుతూనే ఉండగలదు. ఏటి నీరు ఉప్పునీటిని తాకిన చోట, పాలలో నిమ్మరసం పిండినట్టు, ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డలు కట్టి అడుక్కి దిగుతాయి. నదీ ముఖాల్లో బురద మైదానాలు ఏర్పడడానికి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఇంట్లోనే చూడవచ్చు: ఉప్పునీరు చేరని ఎగువ నుంచి, పద్మనాభం వైపు గట్టు మట్టి గుప్పెడు తెచ్చి, ఒక సీసాలో కుళాయి నీరు, మరొక సీసాలో సముద్రపు నీరు పోసి, రెంటిలోనూ సమానంగా కలిపి కదలకుండా ఉంచండి.

మధ్య పట్టీ గురించి నాది అంచనా మాత్రమే. ఇసుక, ఒండ్రు కలగలిసిన చోట సన్నని రేణువులు పెద్ద రేణువుల మధ్య ఖాళీల్లో ఇరుక్కొని, నేల సిమెంటు కాంక్రీటులా బిగుసుకుంటుంది. అందులో ఇసుకకుండే ఖాళీ ఉండదు, బురదకుండే మెత్తదనమూ ఉండదు. మడమతో గట్టిగా తొక్కి, ఎంత దిగబడుతుందో చూసి చెప్పండి.

మొగ వల
సోమవారం, రాత్రి 9.15

మాది భీమిలి దగ్గర మత్స్యకార కుటుంబం. నేను ఉద్యోగరీత్యా నగరంలో ఉన్నా, మా అమ్మ ఇప్పటికీ ఆటు వేళ గుల్లలు ఏరడానికి వెళుతుంది. మాస్టారు చెప్పిన విషయాలను ఆమె అరికాలితో చెబుతుంది. కాలు వేయగానే చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారి తెల్లబడితే అక్కడ గుల్ల ఉండదని, కాలు చీలమండ దాకా చల్లగా దిగి, బొటనవేలికి ఇసుక గరుకు కూడా తగిలితే అక్కడ ఆగాలని, మోకాలి దాకా దిగి మట్టి పట్టుకొని వదలకపోతే వెనక్కి రావాలని చిన్నప్పుడు నాకు నేర్పింది. ఆమె గుల్లల కోసం కత్తి గాని గునపం గాని వాడదు. మడమ మీద నిలబడి, కాలివేళ్లతో మట్టిని కెలుకుతుంది, గట్టిగా తగిలిన చోట వంగి తీస్తుంది.

గట్టి గుల్లలు ఎక్కువగా ఇసుక కలిసిన మెత్తని నేలలోనే దొరుకుతాయి. పూర్తి బురదలో దొరికేది వేరే రకం. పెంకు మీద గాడులు ఉండి, తెరిస్తే లోపల నెత్తురులా ఎర్రగా ఉంటుంది. అది మా దగ్గర అరుదు, కాకినాడ వైపు బాగా దొరుకుతుందని మా బంధువులు చెబుతారు.

వాల్తేరు విద్యార్థిని
సోమవారం, రాత్రి 10.30

మీ అమ్మగారి పరిశీలన అక్షరాలా సరైనది, అన్నా. మీరు చెప్పిన ఎర్రని గుల్ల పేరు అనడారా గ్రానోసా. దాని రక్తంలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు. ప్రాణవాయువు తక్కువగా ఉండే మెత్తని బురదలో బతకడానికి ఆ రక్తం దానికి తోడ్పడుతుంది. కాకినాడ అఖాతం దీనికి పేరుపొందిన చోటు.

నేను సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. గోస్తని గట్టు గారు ఇసుక కట్ట మీద ఎండ్రకాయలు, పిట్టలు తప్ప ఏమీ లేవన్నారు. కంటికి కనబడేవి అంతే కావచ్చు గాని, మన విశాఖ ఇసుకకు ఈ విషయంలో శాస్త్ర చరిత్రలో గౌరవమైన స్థానం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు గార్లు వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో బతికే సూక్ష్మమైన జంతువుల గురించి 1962లో పరిశోధన ప్రచురించారు. ఆ ఇసుకలోనే దొరికిన ఒక సముద్ర దోసకాయను చంద్రశేఖర రావు గారు 1968లో కొత్త ప్రజాతిగా వర్ణించి, తన గురువు పేరు కలిపి సామోతూరియా గణపతియై అని నామకరణం చేశారు. మామూలు సముద్ర దోసకాయ జానెడు పొడవు ఉంటే, ఇది నాలుగు మిల్లీమీటర్ల లోపే. రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న సందులో దూరగలగాలి గదా! ఆ సందుల్లోకి సన్నని ఒండ్రు చేరి పూడిపోతే ఈ జీవాలకు ఇల్లు ఉండదు. ఆర్కే బీచ్‌లో నడిచేటప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకు రాని రోజు లేదు.

ఫిడ్లర్ పీతల నోటిని సూక్ష్మదర్శినిలో చూస్తే కూడా నేలే కనబడుతుంది. అవి మట్టిని చిటికెడు తీసి నోట్లో పెట్టుకొని, నోటి అవయవాల మీది వెంట్రుకలతో రేణువులను కడిగి, వాటికి అంటుకున్న పాచిని, సూక్ష్మజీవులను తిని, మిగిలిన మట్టిని చిన్న ఉండగా పక్కన పెడతాయి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలలో బతికే రకాలకు ఆ వెంట్రుకల చివరలు చెంచాల ఆకారంలో, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. మెత్తని బురదలో బతికే రకాలకు అటువంటివి తక్కువ. ఒక రకం పీతను రెండో నేలలో వదిలితే దాని నోటికి ఆ తిండి సరిగా అందదు.

ఉల్లంకి
మంగళవారం, ఉదయం 5.50

నేను పక్షులను మాత్రమే గమనిస్తాను, మట్టిని ఎన్నడూ పట్టించుకోలేదు. ఈ చర్చ చదివాక నా పాత నోటుపుస్తకాలు మళ్లీ తీశాను. ప్లోవర్లు కంటితో వేటాడే పిట్టలు. వాటికి పొట్టి ముక్కు, పెద్ద కళ్లు. నేల పైన కదిలినదాన్ని చూసి పరుగెత్తి పట్టుకుంటాయి. గట్టి ఇసుక వాటికి సరిపోతుంది. కర్లూ, గాడ్విట్ వంటివి ముక్కును నేలలోకి దించి, ముక్కు చివరనున్న స్పర్శతో వెతుకుతాయి. కర్లూ ముక్కు పది నుంచి పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది; ఆ ముక్కు దిగాలంటే నేల మెత్తగా, తడిగా ఉండాలి. నీరు తీసిన మొదటి గంటలో అవి బురద అంతటా మేస్తాయి. ఎండ ఎక్కి పైపొర బిగిసేకొద్దీ నీటి అంచుకు జరిగిపోతాయి. వాటితో పాటు నీరు కూడా జరుగుతోంది కాబట్టి నేను ఇన్నాళ్లూ అవి నీటి కోసం వెళుతున్నాయనుకున్నాను. మెత్తదనం కోసమని ఇప్పుడు అర్థమవుతోంది.

నీరు తీసిన కాసేపటికి బురద మీద బంగారు రంగు కలిసిన గోధుమ వన్నె పొర వస్తుంది, గమనించారా? అది డయాటములనే సూక్ష్మ నాచు. వెలుతురు కోసం మట్టి పైకి పాకి వస్తుంది, పోటు తిరిగి వచ్చే ముందు లోపలికి దిగిపోతుంది. ఆ నాచు వదిలే జిగురు మట్టి రేణువులను పట్టి ఉంచి, బురద కొట్టుకుపోకుండా కాపాడుతుంది. కొన్ని చిన్న ఉల్లంకి పిట్ట జాతులు ఆ పొరనే నేరుగా నాలుకతో గీకి తింటాయి. మధ్య ఆసియా వలస మార్గంలో వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే పిట్టకు ఈ పొర ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. మనుషులు, బళ్లు తొక్కిన చోట ఈ పొర చెదిరిపోయి మట్టి బరకగా కనబడుతుంది. నడిచేవారు దయచేసి అంచునే నడవండి.

విశాఖలో పోటుకూ ఆటుకూ తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా ఉంటుంది. మన దగ్గర బయటపడే బురద కొద్ది కాబట్టే, ఉన్న కొద్దిపాటి దాని మీద నాకు అంత పట్టింపు.

పాతనగరం
మంగళవారం, మధ్యాహ్నం 1.20

బయటపడే బురద కొద్ది అన్న మాటకు ఒక విషయం చేర్చాలి. అది ఎప్పుడూ ఇంత కొద్దిగా లేదు. ఇప్పుడు లోపలి నౌకాశ్రయం ఉన్న చోటు ఒకప్పుడు ఉప్పుటేటి పర్ర, అంటే చిత్తడి నేల. ఆ పర్రను తవ్వి 1933లో నౌకాశ్రయాన్ని ప్రారంభించారు. తవ్విన మట్టితో పక్కనున్న పల్లాలను మెరక చేశారు. మేఘాద్రి గెడ్డ వెంబడి ఇప్పుడు మనం చూసే మడ చెట్లు ఆ పాత పర్రకు మిగిలిన అంచులు. నౌకాశ్రయం నగరానికి జీవనాధారం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే మిగిలిన అంచు ఏమిటో తెలిసి ఉండాలన్నది నా కోరిక.

వాల్తేరు విద్యార్థిని
మంగళవారం, సాయంత్రం 6.05

పాతనగరం గారూ, ఆ లోపలి నౌకాశ్రయం అడుగు మట్టి మీద కూడా మన విశ్వవిద్యాలయంలో పని జరిగింది. ఎ.వి. రామన్, గణపతి గార్లు 1983లో ప్రచురించిన పరిశోధనలో, కాలుష్యం పెరిగిన చోట్ల రకరకాల పురుగులు తగ్గిపోయి కాపిటెల్లా కాపిటాటా అనే ఎర్రని సన్నని పురుగు ఎక్కువ కావడాన్ని చూపారు. సేంద్రియ వ్యర్థం ఎక్కువై ప్రాణవాయువు అడుగంటిన బురదలో తట్టుకొని నిలవగలిగినది అది. మాస్టారు చెప్పిన నల్ల పొర పైపైకి వచ్చేకొద్దీ, లోతుగా బొరియ తవ్వి బతికే జీవాలు ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. పురుగు మిగిలింది గదా, పిట్టకు తిండి దొరుకుతుంది గదా అని అనుకోవడానికి లేదు. కర్లూ వంటి పెద్ద పిట్టకు కావలసిన పెద్ద పురుగు, పీత అక్కడ ఉండవు.

చెరువు కాపలా
మంగళవారం, రాత్రి 11.10

నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే క్షమించండి. పదేళ్లు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేశాను. మాస్టారు చెప్పిన నల్లమట్టి గురించి నేను కళ్లారా చూసినది రాస్తున్నాను. ఒక చోట మడ చెట్లు కొట్టి, ఆ నల్లమట్టినే తవ్వి గట్లు వేశారు. తడిగా ఉన్నన్నాళ్లూ గట్టు నల్లగానే ఉంది. వేసవిలో ఎండి పగుళ్లు ఇచ్చాక, ఆ పగుళ్లలో పసుపు పూసినట్టు లేత పసుపు మరకలు వచ్చాయి. తొలకరి వానకు గట్టు మీది నుంచి చెరువులోకి దిగిన నీరు టీ డికాషన్ రంగులో ఉంది. మర్నాటికి రొయ్యలు గట్టు పక్కకు చేరి, పెంకు మెత్తబడి చనిపోయాయి. బస్తాలకు బస్తాలు సున్నం చల్లారు. మూడో ఏడు ఆ చెరువు వదిలేశారు. ఆ చెరువు తూము నుంచి నీరు కలిసే పాయలో కూడా చాలా దూరం పీత అన్నది కనబడలేదు. మట్టికి విషం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటిదాకా నాకు తెలియదు.

మట్టి మాస్టారు
బుధవారం, ఉదయం 6.15

చెరువు కాపలా గారూ, మీరు రాసినంత స్పష్టంగా ఈ విషయాన్ని నేను తరగతిలో కూడా చెప్పలేకపోయాను. ఆ విషం బయటి నుంచి రాలేదు, మట్టిలోనే నిద్రపోతోంది. పర్రలోని నల్లమట్టిలో ఇనుము, గంధకం కలిసిన పైరైటు అనే ఖనిజం కాలక్రమేణా పేరుకుంటుంది. నీటి కింద గాలి తగలకుండా ఉన్నంత కాలం అది ఎవరికీ హాని చేయదు. తవ్వి ఎండబెట్టగానే గాలితో కలిసి గంధకికామ్లం అవుతుంది. మీరు చూసిన పసుపు మరక జారోసైటు. ఆమ్లం పుట్టిన నేలకు అదే గుర్తు. అటువంటి మట్టి పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం) 4 కంటే తక్కువకు పడిపోతుంది, మట్టిలోని అల్యూమినియం కూడా కరిగి నీటిలోకి వస్తుంది, చేపల మొప్పలు దెబ్బతింటాయి. వీటిని ఆమ్ల సల్ఫేటు నేలలంటారు. పర్రను పర్రగా ఉంచినన్నాళ్లూ జీవానికి ఇల్లు. అదే మట్టిని ఆరబెడితే ఆ జీవానికే ప్రాణాంతకం.

మడతోట
బుధవారం, రాత్రి 8.45

చాలా ఆలోచించి ఈ విషయం రాస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని ఏమి చేసిందో అందరికీ తెలుసు. ఆ తరువాత కొందరం స్నేహితులం కలిసి, తీరానికి రక్షణ ఉండాలని, ఒక ఉప్పుటేటి ఒడ్డున ఆరు వందల మడ మొక్కలు నాటాము. మొక్కలు తెల్లమడ రకం. మొదటి ఏడాదిలోనే దాదాపు అన్నీ పోయాయి. ఎవరో పీకేశారని, పశువులు తిన్నాయని అనుకున్నాం. ఈ చర్చ చదివాక, అసలు ఆ నేల మడ చెట్టుకు సరిపోయేదేనా అని మేము ఒక్కసారి కూడా అడగలేదని గుర్తించాను. ఇప్పుడైనా అడుగుతున్నాను.

మట్టి మాస్టారు
బుధవారం, రాత్రి 9.30

నెలలో ఎన్ని రోజులు పోటు నీరు అక్కడిదాకా వచ్చేది? నీరు వచ్చాక ఎంతసేపట్లో దిగిపోయేది? వేసవిలో నేల మీద తెల్లని ఉప్పు పొర ఉండేదా?

మడతోట
గురువారం, ఉదయం 7.20

అమావాస్య, పౌర్ణమి చుట్టూ మూడు నాలుగు రోజులే నీరు వచ్చేది. గుంటలాంటి చోటు కావడంతో వచ్చిన నీరు పూర్తిగా దిగేది కాదు. తెల్లని పొర ఉండేది. ఆ పొర మీద ఉప్పు నేలలో మొలిచే ఇలకూర మొక్కలు, ఎర్రబారినవి, అక్కడక్కడా ఉండేవి, మరే మొక్కా లేదు.

మట్టి మాస్టారు
గురువారం, ఉదయం 8.05

మీ మొక్కలను ఎవరూ పీకలేదు. ఆ ఇలకూర మీకు ముందే చెప్పింది. గుంటలో చిక్కిన ఉప్పునీరు ఎండకు ఆవిరైపోతే ఉప్పు మిగిలిపోతుంది. పది పౌర్ణములు గడిచేసరికి మట్టిలోని నీరు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పగా మారుతుంది. తెల్లమడ గట్టి చెట్టు. వేళ్ల దగ్గరే చాలా ఉప్పును ఆపుతుంది, మిగిలినదాన్ని ఆకుల మీదుగా బయటకు పంపుతుంది, సముద్రపు నీటికి రెట్టింపు ఉప్పదనాన్ని కూడా తట్టుకుంటుంది. అయినా దానికీ ఒక హద్దు ఉంది, లేత మొక్కకు ఆ హద్దు మరీ తక్కువ.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో ఇటువంటి గుంటలే పెద్ద విస్తీర్ణంలో ఏర్పడినప్పుడు, అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి ముందు మొక్కలు నాటలేదు, కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా. పోటు నీరు రోజూ లోపలికి వచ్చి, రోజూ బయటకు పోవడం మొదలయ్యాక ఉప్పు కడిగివేయబడి, నేల మెత్తబడింది. ఆ తరువాతే మొక్క.

మొగ వల
గురువారం, మధ్యాహ్నం 2.00

అయితే ఈసారి కొంచెం పల్లంలో, రోజూ నీరు వచ్చే బురద మీదే నాటితే సరిపోతుంది గదా? భీమిలి వంపు దగ్గర అటువంటి బురద ఖాళీగానే ఉంది.

ఉల్లంకి
గురువారం, మధ్యాహ్నం 3.10

తమ్ముడూ, ఆ బురద ఖాళీగా లేదు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నందుకు మన్నించాలి. చెట్టు లేని బురద అంతా బీడు అనుకోవడం వల్లనే చాలా తీరాల్లో వలస పిట్టల మేత భూములు పోయాయి. కర్లూ, గాడ్విట్ చెట్ల మధ్య మేయవు. డేగ రాకను దూరం నుంచే చూడగలిగే బయలు వాటికి కావాలి. పైగా రోజూ ఎక్కువసేపు మునిగే పల్లంలో నాటిన లేత మడ మొక్క కాండానికి బార్నకిల్స్ అనే పెంకు జీవాలు అంటుకొని, ఆ బరువుకే వంగి చనిపోవడం మామూలే. పిట్టకు తిండి పోతుంది, చెట్టు కూడా మిగలదు.

మడతోట
గురువారం, రాత్రి 7.30

మీ బాధ అర్థమైంది. అయితే ఏటి పక్కన ఇళ్లున్నవారికి తుపాను రాత్రి కర్లూ పిట్ట గుర్తుకు రాదు, చెట్టు గుర్తుకు వస్తుంది. మడ వేళ్ల మధ్య రొయ్య పిల్ల, పీత పిల్ల పెరుగుతాయి, అది కూడా జీవావాసమే. రెండింటికీ చోటు ఉండాలి అన్నప్పుడు ఎక్కడ ఏది అన్నది ఎవరు నిర్ణయిస్తారు?

వాల్తేరు విద్యార్థిని
గురువారం, రాత్రి 9.00

తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జడ్) నోటిఫికేషన్ 2011లోనూ, 2019లోనూ మడ అడవులతో పాటు జీవం చురుకుగా ఉన్న బురద మైదానాలను కూడా అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో చేర్చింది. చట్టం దృష్టిలో రెండూ ఒకే వర్గానికి చెందినవి. అయితే జీవం చురుకుగా ఉందని ఎవరో ఒకరు చూసి, రాసి, చూపాలి. గోస్తని గట్టు గారి నాలుగేళ్ల నోటుపుస్తకాలు అందుకు పనికివస్తాయి. నా అభిప్రాయంలో చెట్టు తనంతట తాను మొలిచే ఎత్తు ఎక్కడుందో ముందు చూడాలి. పోటు తెచ్చిన మడ కాయ ఏ గీత దగ్గర వేరు పట్టిందో ఆ గీతకు ఎగువన చెట్లకు, దిగువన పిట్టలకు వదిలేస్తే తగాదా చాలా వరకు తీరుతుంది.

ఉల్లంకి
గురువారం, రాత్రి 9.25

దీనికి నాకు అభ్యంతరం లేదు.

మడతోట
గురువారం, రాత్రి 9.50

నాకూ సమ్మతమే. పాత గుంటకు ఒక కాలువ తవ్వడానికి అనుమతి అడగడం మా తదుపరి పని. మొక్కల గురించి ఆ తరువాత ఆలోచిస్తాం.

గోస్తని గట్టు
ఆదివారం, రాత్రి 8.40

ఈ రోజు మళ్లీ మొగకు వెళ్లి వచ్చాను. మొగ వల గారి అమ్మగారు కూడా వచ్చారు. నేను అడగకముందే ఆమె మధ్య పట్టీ మీద మడమతో తొక్కి, ఇక్కడ ఏమీ ఉండదు బాబూ అన్నారు. మడమ అర అంగుళం కూడా దిగలేదు. కత్తితో ఒక ముద్ద కోసి చూస్తే ఇసుక గింజల మధ్య ఒండ్రు నిండి, మాస్టారు చెప్పినట్టే కాంక్రీటు ముక్కలా ఉంది. పౌర్ణమికి ఇంకా వారం ఉంది కాబట్టి నీరు ఎక్కువ దూరం తీయలేదు. అయినా బురద అంచున తెల్లమడ పిల్ల మొక్కలు పదకొండు కనబడ్డాయి, అన్నీ దాదాపు ఒకే ఎత్తులో. ఆ వరుసకు దిగువన ఒక్కటీ లేదు. ఆ వరుస చివర్లలో రెండు వెదురు కర్రలు పాతి వచ్చాను.

ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి వచ్చే ఒక చిన్న వాగు దగ్గర కూడా ఆగాను. దిబ్బ మీద ఇటుక రంగులో ఉన్న ఇసుక, నీరు నిలిచిన మడుగులో చేతి లోతుకు వెళ్లేసరికి బూడిద రంగుకు తిరిగింది. ఇనుము గాలి తగిలిన చోట ఎర్రబడడం, గాలి అందని చోట ఆ ఎరుపు కోల్పోవడం ఒకే చోట పక్కపక్కనే చూశాను.

సీసాల సంగతి కూడా చెప్పాలి. పద్మనాభం దగ్గర గట్టు మట్టి తెచ్చి శుక్రవారం రాత్రి రెండు సీసాల్లో కలిపి కిటికీలో పెట్టాను. సముద్రపు నీటి సీసా శనివారం పొద్దునకే తేటపడింది; అడుగున రెండు అంగుళాల మెత్తని బురద, పైన నీటి గుండా కిటికీ ఊచలు కనబడుతున్నాయి. కుళాయి నీటి సీసా ఇది రాస్తున్న సమయానికి కూడా చింతపండు పులుసులా మసకగానే ఉంది.